పోర్ట్‌బ్లెయిర్‌లో ఏసీ పోరాటం వేడితో కాదు, తేమతో

అండమాన్ నికోబార్ దీవులకు ప్రధాన భూభాగం నుంచి కరెంటు తీగ లేదు. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ దీవులకు వేగవంతమైన ఇంటర్నెట్‌ను తెచ్చింది గానీ విద్యుత్తును తేలేదు. ఇక్కడ ఏ దీవి గ్రిడ్ ఆ దీవిదే. ఉత్తర అండమాన్‌లో కల్పాంగ్ జలవిద్యుత్ కేంద్రం ఉంది. దక్షిణ అండమాన్‌లో ఎన్‌ఎల్‌సీ సంస్థ నెలకొల్పిన 20 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం, దానికి తోడుగా 8 మెగావాట్ అవర్ల బ్యాటరీలు ఉన్నాయి. ఇలాంటివి కొన్ని ఉన్నా, దీవులు ప్రధానంగా నడిచేది డీజిల్ జనరేటర్ల మీదే. ఆ డీజిల్ ఓడల్లో రావాలి. అందుకే ఇక్కడ ఒక హోటల్లోనో, ఆసుపత్రిలోనో, ఆఫీసులోనో ఏసీ అవసరానికి మించి తిరిగితే, వృథా అయ్యేది సముద్రం దాటి వచ్చిన ఇంధనం.

2023 జూలై 18న పోర్ట్‌బ్లెయిర్‌లో వీర్ సావర్కర్ అంతర్జాతీయ విమానాశ్రయం కొత్త టెర్మినల్ ప్రారంభమైంది. సుమారు 710 కోట్ల రూపాయల ఖర్చు, 40,800 చదరపు మీటర్ల నిర్మాణం, ఏటా 50 లక్షల మంది ప్రయాణికులకు సరిపడే సామర్థ్యం. సముద్రపు గవ్వను తలపించే ఆకారం. ఎండ వేడి లోపలికి దిగకుండా రెండు పొరల ఇన్సులేషన్ ఉన్న పైకప్పు, వేడిని తక్కువగా లోపలికి వదిలే అద్దాలు, పగటి వెలుగు కోసం స్కైలైట్లు, 500 కిలోవాట్ల సౌర ఫలకాలు. భవనాన్ని కట్టేటప్పుడే వేడి గురించి ఆలోచించారన్నది స్పష్టం. ఆ మరుసటి ఏడాది, 2024 సెప్టెంబరులో, కేంద్రం ఆ నగరం పేరును శ్రీ విజయపురంగా మార్చింది. అలవాటైన పేరు కాబట్టి ఈ వ్యాసంలో పోర్ట్‌బ్లెయిర్ అనే అందాం.

పైకప్పు, అద్దాలు ఎండను ఆపుతాయి. తలుపు తెరిచినప్పుడల్లా లోపలికి వచ్చే సముద్రపు గాలిని, ఆ గాలిలోని నీటిని ఆపలేవు. ఇంకో చిక్కు కూడా ఉంది. పైకప్పు ఎంత బాగుంటే ఏసీ మీద ఎండ భారం అంత తగ్గుతుంది. తేమ భారం మాత్రం అలాగే ఉంటుంది. అంటే మంచి భవనంలోనే తేమను అదుపు చేయడం మరింత మెలకువతో చేయాల్సిన పని అవుతుంది. పెద్ద భవనాల్లో చల్లటి గాలి, చల్లటి నీరు, కొన్నిచోట్ల వేడి, ఇవి ఏ మూలకు ఎంత చేరాలో అంతే చేరేలా సరిచేసే పనికి ఇంజినీర్లు పెట్టుకున్న పేరు బ్యాలెన్సింగ్. దీని గురించి సాధారణంగా ఎవరూ మాట్లాడరు. కానీ పోర్ట్‌బ్లెయిర్ లాంటి ఊళ్లో కరెంటు బిల్లు, గోడల మీద బూజు, ఆపరేషన్ థియేటర్ భద్రత, మూడూ దీనితో ముడిపడి ఉన్నాయి.

అనంతపురం గాలి, అండమాన్ గాలి

ఏసీ అంటే చల్లబరిచే యంత్రం అని మన అభిప్రాయం. దాని పుట్టుక చూస్తే సంగతి వేరు. 1902లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్ యజమానులకు పెద్ద తలనొప్పి ఉండేది. గాలిలో తేమ మారినప్పుడల్లా కాగితం ఉబ్బేది, తగ్గేది. ఒక రంగు మీద ఇంకో రంగు సరిగ్గా కూర్చునేది కాదు. దానికి విరుగుడుగా విల్లిస్ క్యారియర్ అనే యువ ఇంజినీరు రూపొందించిన వ్యవస్థే ఆధునిక ఎయిర్ కండిషనింగ్‌కు మొదలు. అతనికి అప్పగించిన పని గాలిలో తేమను అదుపు చేయడం.

తేమ భారం ఎంతో తెలియాలంటే రెండు ఊళ్లను పోల్చి చూడాలి. ఏప్రిల్ మధ్యాహ్నం అనంతపురంలో 40 డిగ్రీల ఎండ, గాలిలో తేమ 20 శాతం ఉందనుకుందాం. అక్కడి ఒక కిలో గాలిలో ఉండే నీటి ఆవిరి సుమారు 9 గ్రాములు. పోర్ట్‌బ్లెయిర్‌లో 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉన్న రోజున కిలో గాలిలో సుమారు 21 నుంచి 22 గ్రాముల నీరు ఉంటుంది. మనిషికి హాయిగా ఉండే గదిలో, అంటే 24 డిగ్రీలు, 55 శాతం తేమ దగ్గర, ఉండాల్సింది 10 గ్రాములు. అనంతపురం గాలిని చల్లబరిస్తే చాలు. అందుకే రాయలసీమలో, తెలంగాణలో ఎయిర్ కూలర్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, కుండలో నీళ్లు చల్లగా ఉంటాయి. విశాఖలో, కాకినాడలో అదే కూలర్ పెట్టుకుంటే ఉక్కపోత పెరుగుతుంది. పోర్ట్‌బ్లెయిర్ విశాఖకు అన్నలాంటిది. అక్కడ ప్రతి కిలో గాలి నుంచి 11 గ్రాముల దాకా నీటిని పిండి బయటికి పంపాలి.

ఈ 11 గ్రాములు చిన్న అంకెలా కనిపిస్తుంది. లెక్క వేస్తే అలా ఉండదు. ఒక్కో మనిషికి గంటకు 30 ఘనపు మీటర్ల తాజా గాలి ఇవ్వాలనుకుంటే, 33 మందికి దాదాపు 1,000 ఘనపు మీటర్లు కావాలి. ఆ గాలి నుంచి గంటకు సుమారు 13 లీటర్ల నీటిని తీసేయాలి. నీటిని పిండడానికే రెండున్నర టన్నుల ఏసీ సామర్థ్యం ఖర్చవుతుంది. అదే గాలిని 30 డిగ్రీల నుంచి 24కు దించడానికి కావలసింది అర టన్ను మాత్రమే. అంటే తాజా గాలి విషయంలో అండమాన్ ఏసీ చేసే పనిలో నాలుగు వంతులకు పైగా తేమ కోసం, ఒక వంతు వేడి కోసం.

గోడ మీద ఉండే థర్మోస్టాట్‌కు మాత్రం ఆ ఒక్క వంతే తెలుస్తుంది. అది చదివేది ఉష్ణోగ్రతను. గది 24 డిగ్రీలకు రాగానే పని అయిపోయిందనుకుంటుంది. తేమ 75 శాతం ఉన్నా దానికి పట్టదు. తీరప్రాంతపు భవనాల్లో సగం తగవులు ఇక్కడే మొదలవుతాయి.

కాలువ శివారు రైతు కథ

ఇప్పుడు బ్యాలెన్సింగ్ సంగతి. దీన్ని అర్థం చేసుకోవడానికి గోదావరి, కృష్ణా డెల్టాల కాలువలను మించిన ఉదాహరణ దొరకదు. హెడ్ రెగ్యులేటర్‌కు దగ్గరగా ఉన్న పొలాలకు నీళ్లు పుష్కలంగా అందుతాయి. శివారు భూములకు చేరేసరికి కాలువలో చెమ్మ మాత్రం మిగులుతుంది. శివారు రైతు గోల పెడితే అధికారులు పైనుంచి మరిన్ని నీళ్లు వదులుతారు. ఎగువ పొలాలు ఇంకా మునుగుతాయి, మిగులు నీరు మురుగు కాలువలోకి పోతుంది, శివారుకు అందేది కాస్తే. తూములను ఎవరి వాటాకు తగ్గట్టు వారికి సరిచేస్తేనే చివరి ఎకరం తడుస్తుంది.

పెద్ద భవనంలో చల్లటి నీళ్ల పైపులు అచ్చం అలాంటి కాలువలే. చిల్లర్ అనే యంత్రం నీటిని సాధారణంగా 7 డిగ్రీల దాకా చల్లబరుస్తుంది. పంపు ఆ నీటిని అంతస్తులవారీగా ఉన్న ఏహెచ్‌యూలకు, అంటే గాలిని చల్లబరిచే పెట్టెలకు పంపుతుంది. అక్కడి కాయిల్‌లో వేడిని పీల్చుకుని, నీరు 12 డిగ్రీల దగ్గర తిరిగి వస్తుంది. పంపుకు దగ్గరగా ఉన్న కాయిల్‌కు దారి సులువు. కాబట్టి నీరు అటు ఎక్కువ పోతుంది. చివరి అంతస్తుకు తక్కువ మిగులుతుంది.

ఒక హోటల్‌ను ఊహించుకుందాం. కింది అంతస్తు కాయిల్‌కు అందాల్సిన దానిలో 130 శాతం నీరు వెళ్తోంది, పై అంతస్తుకు 70 శాతం. పై గదుల్లోని అతిథులు ఫిర్యాదు చేస్తారు. మామూలుగా చేసే వైద్యం పంపు వేగం పెంచడం, లేదా పెద్ద పంపు కొనడం. పై అంతస్తుకు 70ని 100 చేయాలంటే మొత్తం ప్రవాహాన్ని 1.43 రెట్లు పెంచాలి. పంపుకు పట్టే కరెంటు ప్రవాహంతో పాటు సమానంగా పెరగదు, దాదాపు ఘనం లెక్కన పెరుగుతుంది. 1.43ను మూడుసార్లు గుణిస్తే సుమారు 2.9. అంటే మూడు రెట్ల కరెంటు. అప్పటికి కింది అంతస్తుకు 186 శాతం నీరు పోతూ ఉంటుంది. ఆ అదనపు నీరు వేడిని సరిగ్గా పీల్చుకోకుండానే, చల్లగానే చిల్లర్‌కు తిరిగి వస్తుంది. మురుగు కాలువలోకి పోయిన నీళ్లలాంటిదే ఇది.

సరైన వైద్యం మరోలా ఉంటుంది. కింది అంతస్తు వాల్వ్‌ను కొంత బిగిస్తే అక్కడ మిగిలిన నీరు పైకి చేరుతుంది. తర్వాత పంపు వేగాన్ని తగ్గించే అవకాశం కూడా దొరకవచ్చు. ప్రవాహం 20 శాతం తగ్గితే పంపు కరెంటు సుమారు సగానికి పడిపోతుంది. పెంచినప్పుడు ఎదురుతిరిగిన ఘనం లెక్క, తగ్గించినప్పుడు మన పక్షాన ఉంటుంది.

ముందు తెలిసేది చెమ్మతోనే

ఇందులో ఒక మెలిక ఉంది. హైదరాబాద్‌లో కన్నా పోర్ట్‌బ్లెయిర్‌లో బ్యాలెన్సింగ్ ఎందుకు ఎక్కువ ముఖ్యమో అదే చెబుతుంది. కాయిల్‌కు 70 శాతం నీరే అందితే చల్లదనం 30 శాతం తగ్గిపోదు, అంతకంటే చాలా తక్కువే తగ్గుతుంది. గది కాస్త ఆలస్యంగానైనా 24 డిగ్రీలకు వస్తుంది. అయితే నీరు తగ్గినప్పుడు కాయిల్ ఉపరితలం కొంచెం వెచ్చబడుతుంది. గాలిలోని ఆవిరి నీటిచుక్కగా మారాలంటే కాయిల్ తగినంత చల్లగా ఉండి తీరాలి. చల్లటి చెంబు చుట్టూ చెమట పట్టేది, చెంబు చుట్టూ ఉన్న గాలి మంచు బిందువు కన్నా చల్లగా ఉన్నప్పుడే కదా. కాబట్టి కాయిల్ వెచ్చబడితే వేడిని తీసే శక్తి కన్నా తేమను తీసే శక్తి ముందుగా, ఎక్కువగా పడిపోతుంది.

పొడి ఊళ్లో ఈ లోపం చాలాకాలం ఎవరికీ తెలియదు. సముద్రతీరంలో వెంటనే పైకి వస్తుంది. గది 24 డిగ్రీలే చూపిస్తున్నా ఒళ్లు జిడ్డుగా ఉంటుంది. పరుపులు, కర్టెన్లు ముక్కిపోయిన వాసన వేస్తాయి. అప్పుడు అందరూ చేసేది ఒకటే. రిమోట్ తీసుకుని 24ను 20కి, 18కి దించడం. నిజానికి దేశంలో గదుల ఏసీలకు ముందే అమర్చే ఉష్ణోగ్రతను 2020 జనవరి నుంచి 24 డిగ్రీలుగా నిర్ణయించారు. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య సంస్థ, అంటే బీఈఈ, చెబుతోంది. తేమ అదుపులో లేని భవనంలో ఈ సలహా ఎవరూ పాటించలేరు. 24 దగ్గర ఉక్క పోస్తుంటే 18కి దించిన మనిషిని తప్పుపట్టి లాభం లేదు.

18కి దించాక మరో సమస్య మొదలవుతుంది. 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్న గాలికి మంచు బిందువు 26 డిగ్రీలు. ఆ గాలి తాకే ప్రతి వస్తువూ 26 కన్నా చల్లగా ఉంటే దాని మీద నీరు పడుతుంది. గది ఎంత చల్లబడితే కిటికీ అద్దాలు, గోడల మూలలు, ఫాల్స్ సీలింగ్ మీది భాగం అంత చల్లబడతాయి. బయటి గాలి ఎక్కడ లోపలికి దూరితే అక్కడ చెమట పట్టినట్టు చుక్కలు, మరకలు, కొన్నాళ్లకు నల్లటి బూజు. చెమ్మ పోవాలని ఉష్ణోగ్రత దించితే చెమ్మే పెరిగినట్టయింది.

వానాకాలం మరీ కష్టం. అండమాన్‌లో నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ కురుస్తాయి. మే నుంచి ఏడాది చివరిదాకా వానలే, ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్లు. ముసురు పట్టిన రోజున బయట 26 డిగ్రీలే ఉంటుంది. వేడి భారం తక్కువ కాబట్టి ఏసీ కాసేపు తిరిగి ఆగిపోతుంది. ఆగగానే కాయిల్ మీద మిగిలిన తడి మళ్లీ గదిలోకే ఆవిరవుతుంది. ‘ఎందుకైనా మంచిది’ అని అవసరానికి మించిన టన్నుల ఏసీ బిగించినచోట ఈ బాధ మరీ ఎక్కువ. ఆ రోజుల్లోనే సౌర విద్యుత్తు కూడా తగ్గుతుంది. భారం డీజిల్ మీద పడుతుంది.

భవనం గాలి పీల్చుకునే తీరు

నీటికి ఉన్నట్టే గాలికీ లెక్క ఉంది. తాజా గాలి ఫ్యాను భవనంలోకి గాలిని తోస్తుంది. టాయిలెట్లు, వంటగదుల్లోని ఎగ్జాస్ట్ ఫ్యాన్లు బయటికి లాగుతాయి. లోపలికి వచ్చేది బయటికి పోయేదాని కన్నా కాస్త ఎక్కువగా ఉండాలి. అప్పుడు భవనం లోపలి ఒత్తిడి కొద్దిగా ఎక్కువై, సందుల్లోంచి గాలి బయటికే పోతుంది.

మన ఊహా హోటల్‌లో తాజా గాలి గంటకు 5,000 ఘనపు మీటర్లు, ఎగ్జాస్ట్ 4,500 అని డిజైన్ చేశారనుకుందాం. ఏడాది గడిచింది. తాజా గాలి ఫిల్టర్ దుమ్ముతో, ఉప్పుతో మూసుకుపోయి 3,500కు పడిపోయింది. ఎగ్జాస్ట్ మాత్రం మామూలుగానే తిరుగుతోంది. లోటు 1,000 ఘనపు మీటర్లు. భవనం ఆ లోటును తలుపు సందుల నుంచి, కిటికీ అంచుల నుంచి, ఫాల్స్ సీలింగ్ పై భాగం నుంచి పీల్చుకుంటుంది. పైన వేసుకున్న లెక్కే ఇక్కడా వర్తిస్తుంది. గంటకు 13 లీటర్ల అదనపు నీరు, కాయిల్ దారిలో కాకుండా దొడ్డిదారిన భవనంలోకి వస్తోంది. పది గంటల్లో 130 లీటర్లు. డ్రెయిన్ పైపులోకి పోవాల్సిన ఆ నీటిలో కొంత గోడల్లో, సీలింగ్‌లో, పరుపుల్లో చేరుతుంది.

కొన్నిచోట్ల కరెంటు ఆదా పేరుతో తాజా గాలి ఫ్యానునే ఆపేస్తారు. మీటర్ మీద ఆదా కనిపిస్తుంది. ఎగ్జాస్ట్‌ను కూడా ఆ మేరకు తగ్గించకపోతే బయటి గాలి రావడం ఆగదు, వచ్చే దారి మారుతుందంతే.

ఆసుపత్రుల్లో ఇది సౌకర్యానికి సంబంధించిన విషయం కూడా కాదు. ఆపరేషన్ థియేటర్‌లో గాలి గంటకు కనీసం 20 సార్లు మారాలని, అందులో 4 సార్లకు సరిపడా తాజా గాలి ఉండాలని మన దేశంలో ఆసుపత్రులకు గుర్తింపు ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ మార్గదర్శకాలు చెబుతాయి. ఉష్ణోగ్రత 21 డిగ్రీలకు 3 డిగ్రీలు అటూ ఇటూ, తేమ 20 నుంచి 60 శాతం. పక్క గదుల కన్నా థియేటర్‌లో ఒత్తిడి ఎక్కువగా ఉండాలి. ఒక డ్యాంపర్ పక్కకు జరిగితే, ఒక ఫిల్టర్ మూసుకుపోతే, గాలి దిశ తిరగబడి కారిడార్‌లోని గాలి థియేటర్‌లోకి రావచ్చు. అది కంటికి కనిపించదు. కొలిస్తేనే తెలుస్తుంది.

చలికాలం లేని చోట హీటర్ ఎందుకు?

పోర్ట్‌బ్లెయిర్‌లో చలి అన్న మాటే లేదు. అయినా అక్కడి ఆపరేషన్ థియేటర్ లాంటి చోట్ల ఏసీ యంత్రంలో హీటర్ పెట్టాల్సిన అవసరం వస్తుంది. వింతగా అనిపించినా కారణం సూటిగానే ఉంది. తేమను పిండాలంటే గాలిని 11, 12 డిగ్రీల దాకా చల్లబరచాలి. అంత చల్లటి గాలిని పెద్ద మొత్తంలో నేరుగా వదిలితే గది వణికిస్తుంది. అందుకని నీటిని పిండేశాక గాలిని మళ్లీ కొంచెం వెచ్చబరిచి వదులుతారు. దీన్ని రీహీట్ అంటారు. భూమధ్యరేఖకు దగ్గరి ఊళ్లలో వేడికీ చల్లదనానికీ మధ్య సమతూకం అంటే ప్రధానంగా ఇదే.

కరెంటు హీటర్‌తో ఈ పని చేస్తే డీజిల్ కాల్చి చల్లబరిచి, మళ్లీ డీజిల్ కాల్చి వేడి చేసినట్టే. అంతకన్నా తెలివైన దారులు ఉన్నాయి. చిల్లర్ ఎలాగూ భవనం నుంచి తీసిన వేడిని బయటికి పారబోస్తుంది. అందులో కొంత పట్టుకుంటే రీహీట్‌కు సరిపోతుంది, హోటళ్లలో స్నానాల వేడినీళ్లకూ పనికొస్తుంది. మరో పద్ధతి హీట్ పైప్. లోపలికి వచ్చే వెచ్చటి గాలి వేడిని పట్టి, కాయిల్ దాటిన చల్లటి గాలికి అందిస్తుంది. దాంతో చల్లబరిచే భారం, వేడి చేసే భారం రెండూ తగ్గుతాయి. ఇంకో దారి, తాజా గాలిని ప్రత్యేక యంత్రంతో ముందే బాగా పొడిగా చేసి, గదుల్లోని యంత్రాలకు వేడిని తీసే పని మాత్రమే అప్పగించడం. ఇవేవీ కొత్త కనిపెట్టుళ్లు కావు. అయితే ఇవన్నీ ప్రవాహాలు కచ్చితంగా ఉంటేనే పనిచేస్తాయి. కాయిల్‌కు నీరు సరిగా అందని చోట హీట్ పైప్ ఎంత మంచిదైనా ఉపయోగం అంతంతే.

సరిచేసే పని ఎలా సాగుతుంది

బ్యాలెన్సింగ్ అంటే వాల్వులు తిప్పడం అనుకుంటారు. వాల్వు జోలికి వెళ్లే ముందు చేయాల్సింది చాలా ఉంది. ఫిల్టర్లు శుభ్రంగా ఉన్నాయా, నీటి పైపుల్లోని స్ట్రెయినర్లలో చెత్త పేరుకుందా, పైపుల్లో గాలి బుడగలు చిక్కుకున్నాయా, డక్ట్ అతుకుల దగ్గర గాలి కారుతోందా అన్నవి ముందు చూస్తారు. ఫ్యాను తిరిగే దిశ కూడా చూడాలి. త్రీఫేజ్ తీగల్లో రెండు తారుమారైతే ఫ్యాను వెనక్కి తిరుగుతుంది. ఏహెచ్‌యూలో ఉండే సెంట్రిఫ్యూగల్ ఫ్యాను వెనక్కి తిరిగినా గాలిని ముందుకే తోస్తుంది, కాకపోతే చాలా తక్కువగా. అందుకే ఈ తప్పు నెలల తరబడి ఎవరి కంటా పడకుండా ఉండిపోగలదు.

తర్వాత కొలతలు. గాలి వచ్చే ప్రతి డిఫ్యూజర్‌కు గుడారంలాంటి తొడుగు పెట్టి, గంటకు ఎంత గాలి వస్తోందో రాసుకుంటారు. డిజైన్‌లో ఉండాల్సిన దానిలో అది ఎంత శాతమో లెక్కిస్తారు. అన్నిటికన్నా తక్కువ శాతం వచ్చిన డిఫ్యూజర్ మన శివారు పొలం. దాని డ్యాంపర్‌ను పూర్తిగా తెరిచి ఉంచి, మిగిలిన వాటిని ఒక్కొక్కటిగా దాని శాతానికి దించుతారు. ఒకదాన్ని బిగిస్తే మిగతా అన్నిటిలోనూ గాలి పెరుగుతుంది కాబట్టి ఒక్కసారితో తెమలదు, రెండు మూడు సార్లు తిరగాలి. అన్నీ ఒకే శాతానికి వచ్చాక, చివర్లో ఫ్యాను వేగం మార్చి అన్నిటినీ ఒకేసారి నూటికి తెస్తారు. పది శాతం అటూ ఇటూ తేడాను సాధారణంగా అంగీకరిస్తారు. నీటి వైపు కూడా పద్ధతి ఇదే. వాల్వుకు రెండు వైపులా ఒత్తిడి తేడాను కొలిచి ప్రవాహాన్ని లెక్కిస్తారు.

ఈ క్రమంలో ఒక సూత్రం ఉంది. చివరి పాయింటు పూర్తిగా తెరిచే ఉండాలి, తగ్గింపు ఫ్యాను లేదా పంపు వేగంలో రావాలి. అన్ని వాల్వులూ సగం మూసి, పంపును పూర్తి వేగంతో తిప్పినా లెక్కలు కుదురుతాయి. బ్రేకు మీద కాలు పెట్టి యాక్సిలరేటర్ తొక్కినట్టు ఉంటుంది, అంతే. ఇంధన పొదుపు భవన నియమావళి, అంటే ఈసీబీసీ, కూడా ఇదే చెబుతుంది. ముందు వాల్వుల్లో, డ్యాంపర్లలో వృథాను తగ్గించాలి, తర్వాత ఫ్యాను, పంపు వేగాలను సరిచేయాలి. 100 కిలోవాట్లు, అంతకు మించి కనెక్టెడ్ లోడ్ ఉన్న వాణిజ్య భవనాలను ఉద్దేశించి రూపొందించిన నియమావళి ఇది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దీన్ని తమకు అనువుగా మార్చుకుని స్వీకరించాయి.

ఈ రోజుల్లో చాలా హోటళ్లు, ఆఫీసులు చిల్లర్లకు బదులు వీఆర్‌ఎఫ్ యంత్రాలు పెడుతున్నాయి. వాటిలో నీటి పైపులు ఉండవు, గ్యాస్ ప్రవాహాన్ని ఎలక్ట్రానిక్ వాల్వులే చూసుకుంటాయి. దాంతో బ్యాలెన్సింగ్ గొడవ తీరిపోయిందని యజమానులు అనుకుంటారు. తాజా గాలి, ఎగ్జాస్ట్ లెక్క మాత్రం అలాగే ఉంటుంది. వాటిని కొలిచి సరిచేయకపోతే ఎంత ఖరీదైన వీఆర్‌ఎఫ్ అయినా గోడకు పట్టే బూజును ఆపలేదు.

దీవుల్లో అదనపు చిక్కులు

ఉప్పు గాలి వాల్వు కాడలను, డ్యాంపర్ కీళ్లను తుప్పు పట్టిస్తుంది. ఒకసారి సరిచేసిన వాల్వు మరో ఏడాదికి బిగుసుకుపోయి తిరగకపోవచ్చు. బయటి యూనిట్ల అల్యూమినియం రెక్కలు పొడిపొడిగా రాలిపోతాయి. విడిభాగం కావాలంటే చెన్నై, కోల్‌కతా, విశాఖల నుంచి ఓడ మీదో విమానంలోనో రావాలి. కాబట్టి ఇక్కడ ఒకసారి బ్యాలెన్స్ చేసి వదిలేస్తే సరిపోదు. వానలకు ముందు ఒకసారి, వానల మధ్యలో ఒకసారి కొన్ని ముఖ్యమైన కొలతలైనా మళ్లీ తీసి చూడాలి.

నీటి విషయంలో మాత్రం ఒక చిన్న మేలు ఉంది. ఇన్ని వానలు పడినా పోర్ట్‌బ్లెయిర్‌కు ఎండాకాలంలో నీటి కటకట తప్పదు. నగరం ఎక్కువగా ఆధారపడేది ధానికరీ జలాశయం మీద. కూలింగ్ టవర్లు వాడే భవనాలకు రోజూ బోలెడు నీరు కావాలి. కాయిల్స్ నుంచి కారే నీరు దాదాపు స్వచ్ఛమైనదే, చల్లనిది. గంటకు 1,000 ఘనపు మీటర్ల తాజా గాలికే 13 లీటర్లు వస్తున్నప్పుడు, పెద్ద భవనంలో రోజుకు వేల లీటర్లు పోగవుతాయి. దాన్ని తాగడానికి వాడకూడదు. కూలింగ్ టవర్‌కో, ఫ్లష్ ట్యాంకులకో, మొక్కలకో నిక్షేపంలా పనికొస్తుంది. పైగా ఆ నీటి పరిమాణం భవనం ఆరోగ్యాన్ని చెప్పే కొలత కూడా. బయట తేమ మారకుండానే డ్రెయిన్ పైపులో నీరు తగ్గిందంటే, కాయిల్ తన పని సరిగా చేయడం లేదని అర్థం.

ఏం అడగాలి?

2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి తరతరాలుగా వెళ్లి స్థిరపడిన కుటుంబాలు అక్కడ ఎన్నో ఉన్నాయి. హోటళ్లు, దుకాణాలు నడిపేవారూ ఉన్నారు, కాంట్రాక్టు పనులు చేసేవారూ ఉన్నారు. ఇటు మన తీరం పొడవునా, భీమిలి నుంచి నెల్లూరు దాకా, అదే గాలి వీస్తుంది. కాబట్టి ఏ పెద్ద భవనం యజమాని అయినా, ఆసుపత్రి నిర్వాహకుడైనా, చివరి బిల్లు చెల్లించే ముందు ఏసీ కాంట్రాక్టరును కొన్ని ప్రశ్నలు అడగాలి.

ప్రతి డిఫ్యూజర్‌కు, ప్రతి కాయిల్‌కు డిజైన్ ప్రవాహం ఎంత, కొలిస్తే వచ్చింది ఎంత? ఆ పట్టిక కాగితం మీద ఉందా? మొత్తం తాజా గాలి ఎంత, మొత్తం ఎగ్జాస్ట్ ఎంత, రెండింటి తేడా ఏ వైపు ఉంది? చిల్లర్‌కు తిరిగొచ్చే నీటి ఉష్ణోగ్రత ఎంత? అది 12 దగ్గర ఉండాల్సింది 9 దగ్గరే ఉంటే నీరు ఎక్కడో ఊరికే తిరిగి వస్తోందన్నమాట. గదుల్లో ఉష్ణోగ్రతతో పాటు తేమను కూడా కొలుస్తున్నారా? ఈ కొలతలు మండే ఎండలో తీశారా, ముసురులో తీశారా? పంపుల, ఫ్యాన్ల వేగం చివరికి ఎంత దగ్గర స్థిరపడింది, వాల్వులు ఏ స్థానంలో ఉన్నాయి?

ఈ ప్రశ్నల్లో ఏ ఒక్కదానికీ కొత్త యంత్రం కొనాల్సిన పని లేదు. కావలసింది కొలిచే పరికరాలు, పని తెలిసిన ఇద్దరు ముగ్గురు మనుషులు, కొన్ని రోజుల ఓపిక. కానీ నిర్మాణం ఆలస్యమైనప్పుడు మొదట కోత పడేది ఈ రోజుల మీదే. ప్రారంభోత్సవం తేదీ ముందే ఖరారై ఉంటుంది, బ్యాలెన్సింగ్ అన్నిటికన్నా చివరి పని. టెండర్‌లోనే దానికి విడిగా సమయం, విడిగా చెల్లింపు రాసిపెడితే ఆ రోజులు మిగులుతాయి. కొలతల నివేదిక చేతికి అందేదాకా చివరి వాయిదా సొమ్ము ఆపి ఉంచవచ్చు. ఆ నివేదిక ప్రతి ఒకటి ప్లాంట్ రూములో ఉంటే, మూడేళ్ల తర్వాత వచ్చే కొత్త ఆపరేటర్‌కు ఏ వాల్వు ఎక్కడ ఉండాలో తెలుస్తుంది. లేకపోతే ఎవరికి ఉక్క పోస్తే వారు ఒక వాల్వు తిప్పుతారు. రెండో వానాకాలానికల్లా సీలింగ్ మీద మరకలు మళ్లీ మొదలవుతాయి.